పచ్చబొట్టు నుంచి పర్మనెంట్ కనుబొమల దాకా: మన సూది చరిత్ర

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో బ్యూటీ పార్లర్ల బోర్డులు గమనిస్తే, త్రెడింగ్, ఫేషియల్, పెళ్లికూతురి అలంకరణ అనే పాత మాటల పక్కన ఇప్పుడు రెండు కొత్త మాటలు చేరాయి. ఒకటి పర్మనెంట్ మేకప్, రెండోది మైక్రోబ్లేడింగ్. ఇక్కడ చేసేవాళ్లు దొరక్కపోతే బెంగళూరు ఎంత దూరం, హిందూపురంలో రైలెక్కితే మూడు గంటల్లోపే. డిగ్రీ చదివే అమ్మాయిలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి, దాని అనుబంధ కంపెనీలకు పనికి పోయే అమ్మాయిలు, పెళ్లి కుదిరినవాళ్లు దీని గురించి మాట్లాడుకోవడం నేను తరచూ వింటున్నాను. చేయించుకుని సంతోషపడ్డవాళ్లున్నారు. చేయించుకున్నాక అద్దం ముందు కూర్చుని ఏడ్చి, "మేడం, దీన్ని తీయించుకోవడం ఎట్లా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఈ సంచిక చదివే మన యువతీ యువకులకు నేను చెప్పదలచింది కనుబొమల ఫ్యాషన్ కాదు, దాని వెనక ఉన్న మన చరిత్ర. చర్మంలోకి సూదితో రంగు ఎక్కించి ముఖానికి చెరగని అలంకారం చేసే విద్య ఈ ప్రాంతానికి పట్నం నుంచి రాలేదు. ఈ ఊళ్ల సంతల్లో, పల్లె అరుగుల మీద తరతరాలుగా ఆ పని చేసినవాళ్లు మన ఎరుకల ఆడవాళ్లు. ఈ రోజు అదే పనికి ఏసీ గది, చేతి తొడుగులు, సర్టిఫికెట్, వేలల్లో ఫీజు ఉన్నాయి. ఆ రోజు మన అవ్వలకు దక్కింది చేరెడు గింజలు, ఆ తర్వాత పోలీసు రిజిస్టరులో ఒక పేరు.

ముందు ఆ పని ఎట్లా చేసేవారో చూద్దాం. పచ్చబొట్టు పొడిచే ఆమె దగ్గర పెద్ద సామాను ఉండేది కాదు. మూడు నాలుగు సూదులను దారంతో కలిపి కట్టిన ఒక కట్ట, రంగు ఉంచుకునే కొబ్బరిచిప్పో చిన్న గిన్నో, పసుపు, ఆముదం. ఇవన్నీ బుట్టలో పెట్టుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. రంగు అంటే మసి. ఆముదం దీపం మీద మట్టిమూకుడు బోర్లించి పట్టిన మసిని నీళ్లతోనో ఆకుపసరుతోనో, కొన్నిచోట్ల చనుబాలతోనో కలిపేవారు. అవిసె ఆకు, పసుపు కలిపి గుడ్డలో చుట్టి వత్తి చేసి వెలిగించి ఆ మసి పట్టడం కూడా దక్షిణాదిలో ఉన్న పద్ధతే. ముందు పుల్లతో చర్మం మీద ముగ్గు గీసి, ఆ గీత వెంట సూదికట్టతో టకటకా పొడుస్తూ పోయేవారు. రక్తం చెమర్చేది. అయిపోగానే కడిగి పసుపు, ఆముదం రాసేవారు. వారం పది రోజులకు పొక్కు రాలిపోయి కింద గుర్తు తేలేది.

నల్లటి మసిని పొడిస్తే పచ్చబొట్టు అని ఎందుకన్నారో ఎప్పుడైనా ఆలోచించారా? పేరు రంగు మసిది కాదు, చర్మం లోపలినుంచి కనిపించే రంగుది. నలుపు చర్మం పైపొర దాటి లోపొరలో కూర్చుంటుంది. పైనున్న పొర గుండా చూసినప్పుడు అది ఆకుపచ్చగా, నీలంగా కనిపిస్తుంది. ముంజేతి మీద సిరలు ఎట్లా పచ్చగా కనిపిస్తాయో దాదాపు అట్లాంటిదే. హిందూపురం వైపు కన్నడం కలిసిన ఇళ్లలో దీన్నే హచ్చె అంటారు. తమిళంలోనూ ఈ పనికి పచ్చ అనే మాటతోనే పేరు. మైక్రోబ్లేడింగ్ చేయించుకున్న కొందరి నల్లటి కనుబొమలు రెండేళ్లకు నీలిబూడిద రంగుకు తిరిగిపోయాయని బాధపడటానికీ ఇదొక కారణం. అవ్వ నుదుటి బొట్టు పచ్చబడిన సంగతీ, మనవరాలి కనుబొమ నీలబడిన సంగతీ ఒకే శాస్త్రం.

ఏం పొడిచేవారు? కనుబొమల మధ్య ఒక చుక్క లేదా నిలువు గీత, గడ్డం మీద చుక్క, చెంప మీద మూడు చుక్కలు. చేతుల మీద తేలు, ముగ్గు, తులసికోట, దేవుడి పేరు, మొగుడి పేరు, తోడబుట్టినవాడి పేరు. మన సుగాలీ ఆడవాళ్లకు చేతుల మీదా ముఖం మీదా చుక్కలు పొడిపించుకునే అలవాటు ఉంది. తండాల్లో ఫేటియా, కాంచళి వేసుకోవడం మానేసిన పెద్దవాళ్ల ఒంటి మీద కూడా ఆ చుక్కలు అట్లాగే ఉన్నాయి. బట్ట మార్చుకోవచ్చు, గాజులు తీసి పెట్టెలో దాచుకోవచ్చు, చుక్క పోదు. ఆదిలాబాదు వైపు గోండు ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడిచేది తోటి తెగ స్త్రీలు. అంటే ఇది మన ఒక్క జిల్లా విద్య కాదు. ఒక గిరిజన సమూహపు ఆడవాళ్లు ఇంకో సమూహపు ఆడవాళ్లకు, రైతుల ఇళ్ల ఆడవాళ్లకు చేసిపెట్టిన సేవ. మాల మాదిగ వాడల్లోకీ రెడ్ల లోగిళ్లలోకీ ఒకే సూదికట్టతో వెళ్లగలిగిన మనిషి పల్లెలో ఇంకెవరున్నారు?

నగలు కొనలేని ఇంట్లో ఇది నగ. దొంగలెత్తుకుపోనిది, తాకట్టు పెట్టలేనిది, చచ్చినా వెంట వచ్చేది ఇదొక్కటే అని పెద్దవాళ్లు చెప్పే మాట దేశంలో చాలా గిరిజన తెగల్లో వినిపిస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది, దీన్ని నేను ముఖ్యమని అనుకుంటాను. మొగుడు పోయిన ఆడదాని నుదుటి కుంకుమ తుడిచే ఆచారం ఉన్న ఊళ్లలో, పచ్చబొట్టు ఉన్న ఆమె నుదుటిని ఎవరూ తుడవలేకపోయారు. ఆ ఆచారం ఆ ఒక్క చుక్క దగ్గర ఓడిపోయింది.

అయితే అంతా పొగడ్త చెప్పి ఊరుకోలేను. చాలామంది అవ్వలకు ఈ బొట్లు ఏడెనిమిదేళ్ల వయసులో పొడిచారు. ఎవరూ అడగలేదు. అమ్మ కాళ్లు పట్టుకుంటే, మేనత్త తల పట్టుకుంటే, పొడిచే ఆమె నొప్పి మరిపించడానికి పాట పాడుతూ పొడిచింది. అదే సూదులతో ఒకే రోజు పదిమందికి పొడిచారు. అప్పుడు ఎవరికీ తెలియదు గానీ, ఇప్పుడు మనకు తెలుసు: ఒకరి రక్తం అంటిన సూది ఇంకొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. లాంటివి పాకవచ్చు. విద్య మనదని గర్వపడటం వేరు, ఆ పద్ధతి అట్లాగే ఉండాలనడం వేరు.

ఇక రిజిస్టరు కథ. ఎరుక అంటే తెలివిడి, తెలియడం. ఎరుక చెప్పే ఆమె కాబట్టి ఎరుకలసాని. మనవాళ్లు కుర్రు భాష మాట్లాడుతూ, సోది చెబుతూ, బుట్టలు అల్లుతూ, గాడిదల మీదా ఎద్దుల మీదా ఉప్పు, ధాన్యం మోసుకుని తీరానికీ లోపలి జిల్లాలకూ మధ్య తిరిగేవారు. ఉప్పు ఎరుకలవాళ్లనీ, కరివేపాకు ఎరుకలవాళ్లనీ, దబ్బ ఎరుకలవాళ్లనీ వృత్తిని బట్టి పేర్లు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి ఆ వ్యాపారం దెబ్బతింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ కొరవల గురించి రాసిన పుస్తకంలో ఈ సంగతిని వివరంగా చూపించారు. బతుకుతెరువు పోయిన తిరుగుడు మనుషులను సర్కారు అనుమానంగా చూసింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల, కొరవ గుంపులు ఎన్నో ఆ జాబితాలో చేరాయి. పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి ఉండాలి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు మొదలైంది. ఆ ఊరికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారిది.

ఇప్పుడు ఆలోచించండి. పచ్చబొట్టు పొడిచే ఆమె పని తిరగడం. ఒక ఊళ్లో పది ఇళ్లవాళ్లకు పొడిచాక మళ్లీ ఐదారేళ్ల దాకా ఆ ఊళ్లో ఆమెకు పని ఉండదు. అట్లాంటి మనిషిని ఊరు దాటవద్దంటే సూదికట్ట మూలన పడినట్టే. అరుగు మీద కూర్చుని పొడుస్తూ ఇల్లంతా గమనించి మొగుడికి చెబుతుందని, అంటే దొంగతనానికి దారి చూపుతుందని, పోలీసు రాతల్లో మన ఆడవాళ్ల మీద నింద. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. మనవాళ్ల వృత్తుల గురించి అందులో చాలా సమాచారం ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఆయనే మనుషుల ముక్కులు, తలలు కొలిచి, ఆ కొలతల విద్యను పోలీసులకూ నేర్పినవాడు. ఆ పుస్తకాలు చదివేటప్పుడు మనం ఆ సంగతి మరచిపోకూడదు.

ఈ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఆ రోజును మనం విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఎరుకల, సుగాలీ, యానాది తెగలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి. తెలంగాణలో ఎరుకలకూ లంబాడాలకూ ఆ గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు.

చెరగని గుర్తు పొడిచిందని మన అవ్వను అనుమానించిన సర్కారు, తానే మనుషుల ముఖాల మీద పచ్చబొట్టు పొడిచిన చరిత్ర చాలామందికి తెలియదు. పాఠ్యపుస్తకాల్లో నేను ఎక్కడా చూడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఈస్టిండియా కంపెనీ 1797లో బెంగాలులో ఒక నిబంధన చేసింది. యావజ్జీవ శిక్ష పడ్డ ఖైదీ నుదుటి మీద అతని పేరు, నేరం, శిక్ష తేదీ స్థానిక భాషలో పొడవాలి. దాన్ని గోద్నా అన్నారు. ఉత్తరాదిలో పచ్చబొట్టుకు ఉన్న మామూలు పేరే అది. ఆడవాళ్ల అలంకారం పేరు తీసుకెళ్లి శిక్షకు పెట్టారు. ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నడిచింది. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి వదిలేశాక మన సీమ కూడా మద్రాసు కిందకే వచ్చింది. థగ్గులని పట్టుకున్నవాళ్ల ముఖాల మీద ఆ మాటే పొడిచారు. 1849లో గానీ ఈ శిక్ష రద్దు కాలేదు. ఆ యాభై ఏళ్లలో ఖైదీలు ఏం చేశారు? తలపాగా నుదుటి మీదికి దించి కట్టుకున్నారు, జుట్టు ముందుకు పెంచుకున్నారు. ఆ రోజుల్లో కరెక్షన్ అంటే అంతే, కప్పుకోవడం.

అది తెల్లదొరల కాలం అని సరిపెట్టుకోవడానికి లేదు. స్వతంత్రం వచ్చిన నలభయ్యారేళ్లకు, 1993 డిసెంబరులో, పంజాబులోని అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు ఆడవాళ్ల నుదుటి మీద జేబ్‌కత్రీ, అంటే జేబులు కత్తిరించేది అని పచ్చబొట్టు పొడిపించారు. వాళ్లు ముసుగు కిందికి లాక్కుని కోర్టుకు వచ్చారు. ఆ విషయం బయటపడి హైకోర్టు దాకా వెళ్లింది. బాధ్యులైన ముగ్గురు పోలీసులకు శిక్ష పడింది మాత్రం 2016లో. ఇరవై మూడేళ్లు. కేసు నడిచినన్ని ఏళ్లూ వాళ్లను వెంటాడింది ఆ నాలుగు అక్షరాల సంగతే. నుదుటి మీద గుర్తు ఉండటం, లేకపోవడం అందం విషయమే అనుకునేవాళ్లకు నేను ఈ కేసు చెబుతాను.

మళ్లీ సూది దగ్గరికి వద్దాం. పచ్చబొట్టు ప్రపంచంలో చాలా పాతది. ఆల్ప్స్ మంచులో దొరికిన, ఐదువేల ఏళ్లకు పైబడిన ఓట్జీ అనే మనిషి ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. చేతి సూదికి కరెంటు తగిలింది మాత్రం మొన్ననే. ఎడిసన్ కాగితాల మీద రంధ్రాలు పొడిచి ప్రతులు తీయడానికి 1876లో ఒక విద్యుత్ కలం చేశాడు. న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ ఆ పద్ధతిని పట్టుకుని 1891లో పచ్చబొట్ల మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ మిషను సంతానమే మన తిరునాళ్లలో బ్యాటరీ పెట్టుకుని కూర్చుని పేర్లు పొడిచే పెట్టె. ఆ పెట్టె వచ్చాక సూదికట్ట అవ్వకు తిరునాళ్లలో కూడా చోటు లేకుండా పోయింది. పైగా మిషను పట్టినవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. ఆడవాళ్ల చేతిలోని వృత్తి మిషను రాగానే మగవాళ్ల చేతికి పోవడం మనం పిండిమరలో చూశాం, ఇందులోనూ చూశాం.

ఇంకోవైపు 1902 నాటికే లండన్‌లో సదర్లాండ్ మెక్‌డొనాల్డ్ అనే పచ్చబొట్ల పనివాడు ఆడవాళ్ల బుగ్గలకు చెరగని గులాబిరంగు వేస్తానని చెప్పుకున్నాడు. పర్మనెంట్ మేకప్ అనే మాటకు మొదలు అక్కడ. పెదవులకు రంగు, కంటికి కాటుక గీత, పలచబడ్డ కనుబొమలకు నింపుడు అట్లా ఒక్కొక్కటే చేరాయి. గత పదిహేనేళ్లలో ఊపందుకున్న మైక్రోబ్లేడింగ్‌లో మిషను కూడా లేదు. చిన్న పిడికి వరుసగా బిగించిన సన్నటి సూదులను పెన్ను పట్టినట్టు పట్టుకుని, వెంట్రుక వెంట్రుకకూ ఒక గీత చొప్పున చర్మాన్ని గీరి రంగు నింపుతారు. చేతి సూదుల కట్ట, రంగు, గీత, పొక్కు. లోకమంతా తిరిగి మన అవ్వ పద్ధతికే వచ్చారని నాకు కొంచెం నవ్వొస్తుంది. తేడా శుభ్రతలో ఉంది, రంగులో ఉంది, లోతులో ఉంది.

ఆ లోతు తేడా అర్థం చేసుకుంటే దిద్దుకోవడం ఎట్లాగో సగం అర్థమవుతుంది. పచ్చబొట్టు రంగు చర్మం లోపొరలో ఉంటుంది. రంగు అక్కడే ఎందుకు ఉంటుందో 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయి శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చూపించారు. ఒంట్లోని రక్షక కణాలు రంగును మింగి పట్టుకుంటాయి. ఆ కణం చచ్చిపోతే రంగు బయటపడుతుంది, వెంటనే కొత్త కణం వచ్చి దాన్నే మింగుతుంది. హాస్టల్లో పాత వార్డెన్ పోతూ తాళాలగుత్తి కొత్త వార్డెన్‌కు ఇచ్చినట్టు. అందుకే అవ్వ చిన్నప్పటి చుక్క డెబ్బై ఏళ్లయినా ఉంది. మైక్రోబ్లేడింగ్ అంతకంటే పైపైన చేస్తారు కాబట్టి ఏడాది నుంచి మూడేళ్లలో వెలిసిపోతుంది. పేరు పర్మనెంట్ అయినా ఇది పూర్తిగా పర్మనెంట్ కాదు. పూర్తిగా పోతుందన్న హామీ కూడా లేదు. చేసేవాళ్ల చెయ్యి లోతుగా పడితే గీతలు ముద్దయిపోయి మచ్చలా మిగులుతుంది.

చేయించుకున్న వారంలోనే "నల్లగా బొగ్గు పూసినట్టుంది" అని కంగారుపడి ఇంకోచోటికి పరుగెత్తకండి. మొదటి పది రోజులు రంగు ముదురుగా కనిపిస్తుంది, పొక్కు రాలాక బాగా తేలిపోయినట్టు అనిపిస్తుంది, నాలుగు నుంచి ఆరు వారాలకు అసలు రంగు తెలుస్తుంది. టచప్ అప్పుడే చేస్తారు. పొక్కును గిల్లకూడదు. అసలు రంగు తేలాక కూడా ఆకారం వంకరగా ఉంటే, లేదా ఏడాదికి ఎర్రగానో నీలంగానో తిరిగితే అప్పుడు దిద్దే మాట.

ధర్మవరం పిల్లలకు దీన్ని అద్దకం భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పట్టునూలుకు రంగు తప్పు పడితే అద్దకంవాళ్లు ఏం చేస్తారు? ముదురు రంగు వేసి కప్పుతారు, లేదా రంగు దింపుతారు. లేతరంగు వేసి ముదురును కప్పలేరు. చర్మంలోనూ అంతే. ఎర్రబడ్డ కనుబొమకు పచ్చఛాయ రంగు, నీలబడ్డదానికి నారింజఛాయ రంగు కలిపి సరిచేస్తారు. ఇది చిన్న తప్పుకు పనికొస్తుంది. కానీ కొందరు తప్పుపడ్డ గీత మీద చర్మం రంగు పిగ్మెంటు పొడిచి దాచేస్తామంటారు. దానికి ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. ఆ లేతరంగుల్లో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. కొన్నాళ్లకు అది పచ్చటి మచ్చలా వేరుగా కనిపిస్తుంది, తర్వాత లేజర్ పెడితే నల్లబడుతుంది కూడా. ఎర్ర, గోధుమ రంగుల్లోని ఇనుప ఆక్సైడ్ కూడా లేజర్ కింద నల్లబడవచ్చు. అందుకే మంచి చర్మవైద్యులు ముందు ఒక మూల చిన్న చుక్కంత చోట పెట్టి చూసి, ఆ తర్వాతే మిగతాది చేస్తారు.

లేజర్ ఎట్లా పనిచేస్తుందంటే, క్షణంలో ఎన్నో కోట్లవ వంతు సేపు పడే వెలుగు దెబ్బకు రంగు కణిక పగిలి ముక్కలవుతుంది, ఆ ముక్కలను ఒళ్లు మెల్లగా కడిగేస్తుంది. ఒక్కసారికి పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో చాలాసార్లు వెళ్లాలి. అచ్చమైన మసితో పొడిచిన అవ్వల పచ్చబొట్టు, నలుపు కాబట్టి, లేజర్‌కు రంగురంగుల టాటూ కంటే బాగా లొంగుతుంది. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మంలో మాత్రం ఆ వెలుగును చర్మపు సొంత రంగు కూడా పీల్చుకుంటుంది. తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే ప్రమాదం ఎక్కువ. పాత గాయాలు ఉబ్బి గట్టిపడే ఒంటితత్వం, అంటే కీలాయిడ్ ఉన్నవాళ్లు పెట్టించుకునే ముందూ తీయించుకునే ముందూ ఆ మాట డాక్టరుకు చెప్పాలి. కనుబొమ దగ్గర లేజర్ పెట్టేటప్పుడు కంటికి రక్షణ కవచం తప్పనిసరి. కవచం లేకుండా చేస్తామనే చోటు నుంచి లేచి వచ్చేయండి. ఉప్పు ద్రావణాన్ని సూదితో ఎక్కించి, పొక్కుతో పాటు రంగును పైకి లాగే సెలైన్ పద్ధతి ఇంకొకటి ఉంది. అదీ నెలల పని. సున్నం, యాసిడ్, నల్లజీడి రసం రాసి పచ్చబొట్టు కాల్చుకోవడం మాత్రం చేయకండి. నల్లజీడి రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. బొట్టు పోయినా దాని చోట కాలిన మచ్చ మిగులుతుంది. పార్లర్‌వాళ్ల మాట కంటే ముందు చర్మవైద్యుల మాట వినండి. అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, సలహాకు అక్కడికి వెళ్లవచ్చు.

చేయించుకోవాలనుకునేవాళ్లు అడగవలసినవి పెద్దగా లేవు. సూది నా ఎదుటే కొత్త ప్యాకెట్ విప్పుతారా? రంగు సీసా మీద ఏముందో చదవనిస్తారా? ముందు పెన్సిలుతో గీసి అద్దంలో చూపిస్తారా? పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు చేస్తామన్నారంటే ఆ చోటు మంచిది కాదని తెలుసుకోండి. టాటూ వేయించుకున్న ఏడాది దాకా రక్తదానం చేయకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, మన సంఘం శిబిరాల్లో చాలామంది ఈ కారణంతోనే వెనక్కి వెళుతుంటారు.

ఉద్యోగాల గురించి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "చేతి మీద పచ్చబొట్టు ఉంటే మిలిటరీకి తీసుకోరంట గదా మేడం?" అని మగపిల్లలు కూడా అడుగుతారు. సగం నిజం. సైన్యంలో మామూలు అభ్యర్థులకు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు ఉన్న పచ్చబొట్లనే అనుమతిస్తారు. ఆచారం ప్రకారం ముఖం మీదా ఒంటి మీదా పచ్చబొట్లు ఉన్న గిరిజన అభ్యర్థులకు వేరుగా మినహాయింపు ఉంది. అది ప్రభుత్వం ప్రకటించిన గిరిజన ప్రాంతాలవాళ్లకు వర్తించేది కాబట్టి, మన మైదాన ప్రాంతపు పిల్లలు నోటిఫికేషన్‌లో ఆ పేరా చదువుకుని గానీ ధైర్యపడవద్దు. కేంద్ర సాయుధ బలగాల్లో దేవుడి గుర్తు, పేరు లాంటివి సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపు, ఆ భాగంలో నాలుగో వంతుకు మించకుండా ఉంటే ఒప్పుకుంటారు. తిరునాళ్లలో సరదాకు మెడ మీద పొడిపించుకున్న పేరుకు ఏ ఆచారమూ అడ్డు రాదు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రెండు రాసే గడి మీ అందరికీ తెలుసు. అడ్మిషన్లప్పుడు పిల్లల చేతులు చూసి అవి రాయడం నా పనుల్లో ఒకటి. పాత రికార్డుల్లో అక్కడ పచ్చబొట్టు అని రాసి ఉన్నవి కనిపిస్తాయి. ఒకప్పుడు మన వాళ్ల ఒంటి గుర్తులు రాసుకున్నది పోలీసు. ఇప్పుడు అదే గుర్తు చదువు సర్టిఫికెట్ మీద, మనవాళ్ల చేతి రాతతో ఉంది. అవ్వ నుదుటి చుక్కను తీయించాలని ఈ మధ్య కొన్ని ఇళ్లలో పిల్లలు అంటున్నారు, పెళ్లి ఫోటోల్లో బాగుండదట. అవ్వే అడిగితే తీసుకెళ్లండి, అది ఆమె ముఖం. ఆమె అడగకపోతే మీరు అనకండి.

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల సూదికట్ట పట్టిన చేతులు ఇంకా కొన్నే మిగిలాయి. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లేవాళ్లు మీ ఇంట్లో, మీ వీధిలో పచ్చబొట్లు ఉన్న పెద్దవాళ్లను అడిగి రాసుకుని రండి. ఏ వయసులో పొడిచారు, ఎక్కడ, ఎవరు వచ్చి పొడిచారు, బదులు ఏమిచ్చారు, ఆ బొమ్మకు మీ ఇంటి భాషలో పేరేమిటి, పొడిచేటప్పుడు ఏం పాడారు. కుర్రు భాషలో చెబితే కుర్రులోనే, గోర్ బోలీలో చెబితే అట్లాగే తెలుగు అక్షరాల్లో రాయండి. ఫోటో తీసేముందు ఆమెను అడగండి, వద్దంటే కాగితం మీద బొమ్మ గీసుకోండి. సూదికట్ట ఇంట్లో ఉంటే పారేయవద్దని చెప్పండి, కడిగి ఒక డబ్బాలో పెట్టి మూత మీద ఆమె పేరు రాయండి.